ముందు పైపు, తర్వాత ఇల్లు, ఆఖరున సుందరీకరణ

సంపాదకులకు నమస్కారం.

పట్టణాన్ని బాగుచేస్తామని ముందుకొచ్చే ప్రతి పాలకవర్గం దగ్గరా మూడు ఫైళ్లుంటాయి: ప్రజారోగ్యం, పేదల ఇళ్లు, పట్టణ పునరుద్ధరణ. మొదటిది ఆరోగ్యాధికారి బల్ల మీద, రెండోది గృహనిర్మాణ ఇంజినీరు దగ్గర, మూడోది పట్టణ ప్రణాళిక విభాగంలో ఉంటుంది. ఛైర్‌పర్సన్ మూడింటి మీదా సంతకం పెడతారు. మూడింటినీ ఒకే రోజున, ఒకే మ్యాపు ముందు పరిచి చూసే సందర్భం మాత్రం రాదు. ఈ రంగాల్లో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లంగా మేం పాలకవర్గాలకు చెప్పదలచింది ఒక్కటే. ఈ మూడూ ఒకే పనిలోని దశలు. వాటికో వరస ఉంది. ఆ వరస తప్పితే డబ్బు ఖర్చవుతుంది, జబ్బు మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

వరస తప్పితే ఏమవుతుందో ఒక వీధిని తీసుకుని చూద్దాం. సిమెంటు రోడ్డు వేశారు. ఏడాది తిరక్కుండానే తాగునీటి పైపు మార్చాల్సి వచ్చి దాన్ని తవ్వారు. తవ్విన గాడిని మట్టితో ఒక్కసారే నింపి పైన కాంక్రీటు పూశారు. నిజానికి గాడిలో మట్టిని 15 నుంచి 20 సెంటీమీటర్ల పొరలుగా పోసి, ప్రతి పొరనూ తడిపి దిమ్మిసతో కొట్టాలి. ఒక్కసారే నింపితే మొదటి వానకే కుంగుతుంది. కుంగినచోట లారీ చక్రం దిగితే ఆ బరువు పైపు అతుకు మీద పడుతుంది, అతుకు సడలి నీళ్లు కారతాయి, మళ్లీ తవ్వుతారు. చివరికి రోడ్డు అతుకులబొంత అయిందని దాని మీదే ఇంకో పొర వేస్తారు. పాత పొర తీయకుండా 15 సెంటీమీటర్ల చొప్పున రెండుసార్లు వేస్తే వీధి 30 సెంటీమీటర్లు లేస్తుంది. రోడ్డు కంటే 45 సెంటీమీటర్లు ఎత్తుగా పునాది లేపి కట్టిన ఇంటికి మిగిలేది 15 సెంటీమీటర్లే. అంత ఎత్తు కట్టుకోలేకపోయిన పేదల ఇళ్లు రోడ్డు కంటే పల్లమైపోతాయి. వాన పడితే వీధి నీళ్లు గడప దాటి లోపలికొస్తాయి, గోడలు నానుతాయి, బూజు పడుతుంది, ఆ గదిలో పడుకునే పిల్లలకు దగ్గు, ఆయాసం పట్టుకుంటాయి. రోడ్డు పనిగా మొదలైంది ఇంటి సమస్య అయి, ఆసుపత్రి చీటీ దగ్గర తేలింది. మూడు ఫైళ్లూ ఒకటేనని మేం అనడం ఇందుకే.

కాబట్టి ముందు నేల కిందికి చూడాలి. తాగునీటి గురించి పాలకులు మామూలుగా అడిగే ప్రశ్న "రోజుకు ఎన్ని లీటర్లు ఇస్తున్నాం?" అన్నది. దానితోపాటు అడగాల్సింది "పైపులో నీళ్లు లేని గంటలు ఎన్ని?" అని. పూటకో గంట వదిలి ఆపేసే పద్ధతిలో, సరఫరా ఆగగానే మెరకన ఉన్న పైపులోని నీరు పల్లానికి జారిపోతుంది. అప్పుడు పైపు లోపలి ఒత్తిడి బయటి కంటే తగ్గుతుంది. అప్పటిదాకా నీటిని బయటికి చిమ్మిన చిల్లే ఇప్పుడు బయటి నీటిని లోపలికి పీల్చుకుంటుంది. ఆ చిల్లు మురుగు కాలువ పక్కనుంటే పీల్చేది మురుగే. ఇళ్లవాళ్లు లైనుకు నేరుగా మోటార్లు బిగిస్తే నీళ్లు వచ్చే గంటలోనూ ఇదే జరుగుతుంది.

కలుషితం ఎక్కువగా జరిగేది పెద్ద లైనులో కంటే దాన్నుంచి ఇంటికెళ్లే సన్న పైపులో. వీధి పక్క కాలువను దాటాలి కాబట్టి దాన్ని కాలువ అడుగునో, కాలువ గోడకు బెజ్జం కొట్టో తీసుకెళ్తారు. పైపు ఇరవై నాలుగు గంటలూ మురుగులో మునిగి ఉంటుంది. ఇనుపదైతే తుప్పు పడుతుంది, ప్లాస్టిక్‌దైతే పూడిక తీసేటప్పుడు పార తగిలి పగులుతుంది. కాలువ నిండుగా పారినా తగలనంత పైనుంచి, ఇంకో లావు పైపులో తొడిగి, కాలువ వెడల్పు మేర ఒక్క అతుకు కూడా లేకుండా దాటించాలి. పెద్ద లైను మురుగు పైపుకు పక్కగా 3 మీటర్ల దూరాన, దాన్ని దాటాల్సిన చోట కనీసం అర మీటరు పైన ఉండాలి. ఇరుకు సందుల్లో 3 మీటర్లు దొరకవు. అలాంటిచోట మురుగు పైపును కూడా ఒత్తిడికి ఆగే, అతుకుల దగ్గర చెమ్మ కూడా రాని రకంతో వేయించాలి. ఈ ఒక్క వాక్యం అంచనాల్లో రాయకపోతే గుత్తేదారు చవక పైపే వేస్తాడు. తప్పు అంచనా తయారుచేసినవాళ్లదవుతుంది.

మురుగు ఎక్కడ కలుస్తోందో తెలుసుకోవడానికి వీధంతా తవ్వక్కర్లేదు. ఓవర్‌హెడ్ ట్యాంకు దగ్గర మొదలుపెట్టి లైను వెంట ఒక్కో కుళాయిలో మిగులు క్లోరిన్, అంటే శుద్ధికి వేసినదాంట్లో ఇంకా మిగిలింది ఎంతో, చూసుకుంటూ పోవాలి. మురుగు కలిసినచోట అది ఖర్చయిపోతుంది. డీపీడీ మాత్ర వేస్తే క్లోరిన్ ఉన్న నీరు గులాబీ రంగుకు తిరుగుతుంది. రంగు ఎంత ముదిరితే అంత క్లోరిన్ ఉన్నట్టు. ట్యాంకు దగ్గర లీటరుకు 0.5 మిల్లీగ్రాములు, పదో కుళాయి దగ్గర 0.4 ఉండి, పదకొండో కుళాయిలో రంగే రాలేదంటే ముందు తవ్వాల్సింది ఆ రెండింటి మధ్య. చిట్టచివరి కుళాయిలో కనీసం 0.2 ఉండాలి, అతిసారం వ్యాపించిన రోజుల్లో 0.5 ఉండాలి. నమూనా ఎప్పుడు తీశారన్నదీ ముఖ్యమే. ఖాళీ పైపు పీల్చుకున్న మురుగంతా సరఫరా మొదలైన తొలి నిమిషాల్లో వస్తుంది. అరగంట పోయాక తీసిన నమూనా శుభ్రంగా కనబడుతుంది, నివేదిక బాగుంటుంది, వీధిలో విరేచనాలు ఆగవు.

బ్లీచింగ్ పౌడరుకు కూడా లెక్క ఉంది. "బస్తా వేశాం" అనేది లెక్క కాదు. లక్ష లీటర్ల ట్యాంకులో లీటరుకు 2 మిల్లీగ్రాముల క్లోరిన్ వేయాలంటే మొత్తం 200 గ్రాముల క్లోరిన్ కావాలి. పౌడరులో 33 శాతం బలముంటే, అంటే అంత వంతు క్లోరిన్ ఉంటే, సుమారు 600 గ్రాములు సరిపోతాయి. వేడి, చెమ్మ తగిలే గదిలో మూతి విప్పిన బస్తాలో బలం 20 శాతానికి పడిపోతే కిలో పౌడరు కావాలి. బలం తెలియకుండా మోతాదు నిర్ణయించలేం. అందుకే ప్రతి సరుకునూ దించుకున్న రోజునా, ఆ తర్వాత నెలకోసారీ పరీక్షించాలి. పౌడరును పొడిగా ట్యాంకులో చల్లకూడదు. బకెట్లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే పోసి, అరగంట ఆగి నీళ్లు వదలాలి. నీరు బురదగా ఉంటే క్లోరిన్ ఆ మట్టి మీదే ఖర్చయిపోతుంది కాబట్టి ముందు వడపోత సరిగా ఉండాలి.

కొత్త పైపుకూ శుద్ధి కావాలి. 150 మిల్లీమీటర్ల పైపు 100 మీటర్లలో దాదాపు 1,770 లీటర్లు పడతాయి. లీటరుకు 25 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉండేలా నింపి 24 గంటలు ఉంచాలి. 25 శాతం బలమున్న పౌడరైతే 180 గ్రాములు చాలు. మర్నాటికి లీటరుకు 10 మిల్లీగ్రాములైనా మిగలాలి. మిగలకపోతే పైపులో మట్టో చెత్తో ఉన్నట్టు, మళ్లీ కడగాలి. ఆ తర్వాత నమూనా పరీక్ష, ఆ తర్వాతే ఇళ్లకు నీళ్లు. ఈ పనికి అయ్యే ఖర్చు చాలా తక్కువ. అయినా ప్రారంభోత్సవం తేదీ ముందే ఖరారు కావడంతో ఎక్కువగా వదిలేసేది ఈ దశనే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల ప్రకారం 5 వేల నుంచి లక్ష మంది వరకు ఉన్న పట్టణంలో ప్రతి 5 వేల మందికి నెలకో నమూనా చొప్పున సూక్ష్మజీవుల పరీక్ష చేయాలి. అంటే 50 వేల మంది ఉన్న ఊళ్లో నెలకు 10. ప్రతి 100 మిల్లీలీటర్ల నమూనాలోనూ ఇ.కోలై (మలం కలిసిందని చూపే బ్యాక్టీరియా) సున్నా ఉండాలి. సున్నా కాకపోతే ఆ సంగతి ఎవరికి, ఎంతసేపట్లో చేరుతుందన్నది ప్రయోగశాల కంటే ముఖ్యమైన విషయం.

కెనడాలోని వాకర్టన్ అనే చిన్న పట్టణం 2000లో దీనికి చెల్లించిన మూల్యం పెద్దది. మే నెల కుండపోత వానలకు పశువుల పేడ ఊరికి నీళ్లిచ్చే ఓ లోతు తక్కువ బావిలోకి దిగింది. క్లోరిన్ చాలినంత వేయలేదు, రోజూ కొలవాల్సిన మిగులు క్లోరిన్‌ను కొలవకుండానే పుస్తకంలో అంకెలు రాసుకుంటూ పోయారు. నీరు చెడిందని 17న ప్రయోగశాల చెప్పింది నీటి సరఫరా నిర్వాహకుడికి మాత్రమే. ఆయన ఆ సంగతి దాచి, ఆరోగ్యశాఖ అడిగితే నీళ్లు బాగానే ఉన్నాయన్నాడు. నీళ్లు మరిగించుకోవాలన్న హెచ్చరిక 21న గానీ రాలేదు. దాదాపు 5 వేల జనాభా ఉన్న ఊళ్లో 2,300 మందికి పైగా జబ్బుపడ్డారు, ఏడుగురు చనిపోయారు. ఆ బావి దగ్గర క్లోరిన్‌నూ, నీటి మురికినీ నిరంతరం కొలిచే మీటర్లుంటే ఇది జరిగేది కాదని విచారణ సంఘం తేల్చింది. రెండేళ్ల ముందు, 1998లోనే, తనిఖీ నివేదిక లోపాలను ఎత్తి చూపింది. నీటి సరఫరా పాలకమండలి సభ్యులు ఆ నివేదికను చూశారు. అంతా సరిచేస్తామన్న నిర్వాహకుడి మాటతో సరిపెట్టుకున్నారు.

ఆ సభ్యులు దురుద్దేశంతో ఏమీ చేయలేదు. ఏం అడగాలో వాళ్లకు తెలియదు, అంతే. ప్రజలు ఎన్నుకున్నవాళ్లు ఇంజినీర్లు కానక్కర్లేదు. కానీ పరీక్షలో నమూనా విఫలమైతే ప్రయోగశాల నుంచి ఫోను ఆ గంటలోనే ఆరోగ్యాధికారికీ, కమిషనర్‌కూ, ఛైర్‌పర్సన్‌కూ విడివిడిగా వెళ్లాలని తీర్మానం చేయగలరు. ముగ్గురికీ తెలిసినదాన్ని ఒకరు దాచలేరు. ఆ తీర్మానానికి నిధులు అక్కర్లేదు.

అమెరికాలోని ఫ్లింట్ కథ ఇంకో వైపుది. 2014 ఏప్రిల్‌లో ఖర్చు తగ్గించుకోవడానికి ఆ నగరం నీటి వనరును నదికి మార్చారు. పైపులు తినుకుపోకుండా కలపాల్సిన రసాయనం కలపలేదు. పాత పైపుల్లోని సీసం కుళాయి నీళ్లలోకి దిగింది. 2015 మార్చిలో నగర కౌన్సిల్ 7-1 ఓట్లతో పాత వనరుకు తిరిగి వెళ్లాలని తీర్మానిస్తే, రాష్ట్రం నియమించిన అధికారి దాన్ని తోసిపుచ్చాడు. పాత వనరుకు తిరిగి మారింది అక్టోబరులో. ఆ నీళ్లు తాగుతున్నవాళ్ల ప్రతినిధులకే నిర్ణయాధికారం లేకపోతే నెలలు ఎలా గడిచిపోతాయో అక్కడ చూశాం.

నీళ్లు గంటల లెక్కన వస్తే ఇంకో జబ్బు కూడా వస్తుంది. జనం డ్రమ్ముల్లో, తొట్లలో పట్టిపెట్టుకుంటారు. డెంగీ మోసే ఏడిస్ దోమ గుడ్లు పెట్టేది సరిగ్గా అక్కడే. వెచ్చని వాతావరణంలో గుడ్డు దోమయ్యేందుకు వారం, పది రోజులు పడుతుంది. కాబట్టి వారానికోసారి పాత్రలు ఖాళీ చేయాలి. ఖాళీ చేస్తే సరిపోదు, గోడను పీచుతో గట్టిగా రుద్దాలి. నీటి అంచున అంటుకున్న గుడ్లు ఎండిపోయి కూడా నెలల తరబడి బతికి, మళ్లీ తడి తగలగానే పొదుగుతాయి. ఫాగింగ్ యంత్రం వీధిలో తిరిగితే పాలకులకు పని జరిగినట్టు కనబడుతుంది గానీ, ఆ పొగ గాల్లో ఎగురుతున్న దోమను మాత్రమే చంపుతుంది. ఏడిస్ ఇంట్లో, మంచం కింద, బట్టల వెనక దాగి ఉంటుంది. డెంగీ కేసు వచ్చిన ఇంటి చుట్టూ ఉన్న ఇళ్లన్నింటిలో ఇద్దరు సిబ్బంది ప్రతి పాత్రా చూసిరావడం ఫాగింగ్ కంటే ఎక్కువ మేలు చేస్తుంది. అసలు మందు నీళ్లు రోజంతా రావడం. ఆ రోజు డ్రములు వాటంతటవే పోతాయి.

మురుగు సంగతి క్లుప్తంగా చెప్తాం. మురుగు పైపులో నీరు రోజులో ఒక్కసారైనా సెకనుకు 0.6 మీటర్ల వేగంతో పారాలి. లేకపోతే ఇసుక అడుగున కూర్చుంటుంది. 150 మిల్లీమీటర్ల పైపుకు దాదాపు 150 మీటర్లకు ఒక మీటరు వాలు కావాలి. పెద్ద లైన్లు వేసి బిల్లులు చెల్లించాక ఇళ్లను కలపడం మరచిపోవడం తరచుగా జరిగే తప్పు. నాలుగో వంతు ఇళ్లే కలిస్తే పారుదల చాలదు, పైపు పూడుకుపోతుంది, కొత్త వ్యవస్థ పనిచేయలేదని అందరూ అనుకుంటారు. ఇంటి కనెక్షన్ ఖర్చు కూడా పథకంలోనే ఉండాలి, గుత్తేదారుకు చెల్లింపు మీటర్ల లెక్కన కాకుండా కలిపిన ఇళ్ల లెక్కన జరగాలి. సెప్టిక్ ట్యాంకులున్న చోట రెండు మూడేళ్లకోసారి ఖాళీ చేయించాలి, ఆ ట్యాంకరు ఎక్కడికెళ్లి వదులుతోందో పాలకవర్గానికి తెలిసుండాలి. ఇక మ్యాన్‌హోల్‌లోకి మనిషిని దించకూడదు. అందులోని హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఎక్కువైతే ముక్కు వాసన కూడా పట్టలేదు, రెండు మూడు శ్వాసల్లో స్పృహ పోతుంది. కాపాడబోయి దిగిన రెండో మనిషీ చనిపోతాడు. నీటిని ఒత్తిడితో చిమ్మి మురుగు పైపును శుభ్రం చేసే జెట్టింగ్ యంత్రం కొనడానికి నిధులు లేవన్న జవాబును ఏ కౌన్సిలరూ ఒప్పుకోకూడదు.

నేల కింద పని సాగుతుండగా ఇళ్ల పని మొదలుపెట్టవచ్చు. అది కొత్త ఇళ్లతో కంటే ఉన్న ఇళ్ల తనిఖీతో మొదలవ్వాలి. చెమ్మ మూడు రకాలు. నేల నుంచి పైకి పాకేది గోడ అడుగు నుంచి మీటరు ఎత్తు దాకా వచ్చి తెల్లటి ఉప్పు పొరతో ఆగుతుంది. బయటి నుంచి దిగేది వాన పడ్డాక ఒకచోట మచ్చగా కనబడి ఎండాకాలంలో ఆరిపోతుంది. మూడోది గదిలోని ఆవిరి చల్లటి గోడకు తగిలి నీరవ్వడం. మూలల్లో, బీరువా వెనక నల్లటి బూజు దాని గుర్తు. ఏదో తేలకపోతే ఒక ప్లాస్టిక్ ముక్కను గోడకు నాలుగు వైపులా అంటించి రెండు రోజులుంచాలి. గోడ వైపు తడిస్తే చెమ్మ గోడలోంచి వస్తోంది, గది వైపు తడిస్తే ఆవిరిది. మొదటిదానికి బయటి నేలమట్టాన్ని ఇంటి గచ్చు కంటే కనీసం 15 సెంటీమీటర్లు తగ్గించడం, గోడ అడుగున చెమ్మ ఆపే పొర వేయడం అవసరం. పైన చెప్పిన రోడ్డు ఎత్తు ఇక్కడ గుర్తుకు రావాలి. రెండోదానికి కప్పు, గొట్టం మరమ్మతు. మూడోదానికి గాలి. గది గచ్చు విస్తీర్ణంలో కనీసం పదో వంతు తెరుచుకునే కిటికీ ఉండాలి, వీలైతే ఎదురు గోడలో ఇంకోటి ఉండాలి. ఒకే గదిలో ముగ్గురికి మించి పడుకునే ఇళ్లలో క్షయ ఒకరి నుంచి ఒకరికి తేలిగ్గా అంటుకుంటుంది. అలాంటి ఇళ్లను ఆరోగ్య సిబ్బంది క్షయ రోగుల జాబితాతో కలిపి చూడాలి. మూడు రకాలకూ పనికిరానిది ఒకటే, బూజు మీద రంగు వేయడం.

ఇంగ్లండులో 2020లో బూజు పట్టిన అద్దె ఇంట్లో పెరిగిన రెండేళ్ల పిల్లవాడు శ్వాసకోశం దెబ్బతిని చనిపోయాడు. తల్లిదండ్రులు చెప్పుకుంటూ వచ్చినా ఇల్లిచ్చిన సంస్థవాళ్లు వినలేదు, రంగు వేసుకోమన్నారు. దాని తర్వాత 2023లో చట్టం వచ్చింది. 2025 అక్టోబరు నుంచి అక్కడి సామాజిక గృహాల్లో (తక్కువ అద్దెకిచ్చే ఇళ్లు) ప్రాణాపాయమైన లోపాన్ని 24 గంటల్లో సరిచేయాలి, చెమ్మ, బూజు ఫిర్యాదును 10 పనిదినాల్లో తనిఖీ చేయాలి. ఏ పురపాలక సంఘమైనా తన అద్దె ఇళ్లకూ, సిబ్బంది క్వార్టర్లకూ ఈ గడువులను రేపే పెట్టుకోవచ్చు.

ఇక పాత బస్తీలను తొలగించి కొత్తగా కట్టడం. ఎక్కువ హాని జరిగేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చెప్పాలి. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ మేయరుగా 1873 నుంచి 1876 వరకు పనిచేసిన జోసెఫ్ చాంబర్లేన్‌ను పట్టణ పాలనకు ఆదర్శంగా చూపిస్తారు. అందులో చాలావరకు నిజముంది. ప్రైవేటు గ్యాసు, నీటి కంపెనీలను నగరం చేత కొనిపించారు. గ్యాసు మీద లాభం తీసి ఊరికి ఖర్చుపెట్టొచ్చు, నీటి మీద మాత్రం లాభం తీయకూడదన్నది ఆయన విధానం. ఆయన తలపెట్టిన పునరుద్ధరణ పథకంలో కార్పొరేషన్ స్ట్రీట్ అనే వెడల్పాటి వీధి 1878 నుంచి లేచింది. దానికోసం పేదల ఇళ్లు కూల్చారు. అక్కడివాళ్లకు నగరం తొలి ఇళ్లు కట్టింది 1890లో, అవీ ఇరవై రెండే. వెళ్లగొట్టినవాళ్లు పక్క వీధుల్లోకి చేరారు, అప్పటికే ఇరుకైన ఆ ఇళ్లు మరింత ఇరుకయ్యాయి. వీధి అందంగా తయారైంది, రోగం పక్క వీధికి మారింది.

ఆస్ట్రియా రాజధాని వియన్నా నగర పాలకులు 1923లో దీన్ని తిరగేసి చేశారు. క్షయను "వియన్నా జబ్బు" అని పిలిచే రోజులవి. చిన్న ఇళ్ల మీద నామమాత్రంగా, విలాస భవనాల మీద ఎక్కువగా గృహనిర్మాణ పన్ను వేసి, ఆ డబ్బుతో 1934 లోపు 60 వేలకు పైగా ఇళ్లు కట్టారు. 1930లో తెరిచిన కార్ల్ మార్క్స్ హోఫ్ అనే గృహసముదాయంలో దాదాపు 1,400 ఇళ్లుంటే, స్థలంలో ఐదో వంతు లోపే కట్టడం. మిగతాదంతా ఆవరణలు, తోటలు. బట్టలుతికే గదులు, స్నానశాలలు, శిశు సంరక్షణ కేంద్రాలు, వైద్యశాల అందులోనే ఉన్నాయి. గాలి, వెలుతురు, వైద్యం ఇంటితోపాటే ఇచ్చారు కాబట్టి గృహనిర్మాణ శాఖ పని ఆరోగ్య శాఖ పని కూడా అయింది.

మరి ఇప్పటి పట్టణంలో ఎలా చేయాలి? ముందు లెక్క. సర్వే పగటిపూట చేస్తే పనికెళ్లినవాళ్లు తప్పిపోతారు, సాయంత్రం చేయాలి. ఇంటి యజమానితోపాటు అద్దెకున్నవాళ్లనూ, ఒకే ఇంట్లో వేరు కుంపటి పెట్టుకున్న కొడుకు సంసారాన్నీ విడిగా రాయాలి. జాబితాల్లో ఎక్కువగా ఎగిరిపోయేది అద్దెవాళ్ల పేర్లే. ఇంట్లోనే కుట్టుమిషనో, చిల్లర కొట్టో ఉంటే అదీ రాయాలి, లేకపోతే నాలుగో అంతస్తులో ఇల్లిచ్చి బతుకుతెరువు తీసినవాళ్లమవుతాం. జాబితా బస్తీలోనే గోడకు అంటించి, కనీసం 15 రోజులు అభ్యంతరాలకు గడువివ్వాలి. తర్వాత, దగ్గర్లో నడిచి వెళ్లగలిగే దూరంలో ఒక ఖాళీ స్థలం చూడాలి. పాత గోదామో, వాడని యార్డో ఏదో ఒకటి దొరుకుతుంది. అక్కడ 30, 40 ఇళ్లు కట్టి, మొదటి వరుసవాళ్లను నేరుగా కొత్త ఇంట్లోకి పంపి, వాళ్లు ఖాళీ చేసిన జాగాలో తర్వాతి ఇళ్లు కట్టాలి. ఇది నెమ్మదిగా సాగుతుంది. అయితే ఎవరూ రేకుల షెడ్డులో ఉండాల్సిన పనిలేదు. "ఆరు నెలలు మాత్రమే" అని వేసిన తాత్కాలిక షెడ్లలో పిల్లలు పెరిగి పెద్దవాళ్లయ్యే పరిస్థితి రాకూడదంటే తాళం చెవి చేతికిచ్చాకే పాత గోడ కూల్చాలి.

కట్టడంతో పని అయిపోదు. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో 1950ల మధ్యలో 33 బహుళ అంతస్తుల భవనాలతో ప్రూయిట్ ఐగో కాలనీ కట్టారు. కట్టడానికి కేంద్ర నిధులొచ్చాయి, నిర్వహణ మాత్రం అద్దెల మీదే ఆధారపడింది. జనం తగ్గేకొద్దీ అద్దె తగ్గింది, మరమ్మతులు ఆగాయి, లిఫ్టులు ఆగాయి, ఉన్నవాళ్లూ వెళ్లిపోయారు. 1972లో కూల్చడం మొదలైంది. పై అంతస్తులకు నీళ్లెక్కించే మోటారు కరెంటు బిల్లు ఎవరు కడతారు, లిఫ్టు చెడితే ఎన్ని గంటల్లో బాగుచేస్తారు, ట్యాంకు ఏటా ఎన్నిసార్లు కడుగుతారు అన్నవి శంకుస్థాపనకు ముందే కాగితం మీద ఉండాలి. కొత్త ట్యాంకు కట్టడానికి గ్రాంటు దొరుకుతుంది, ఉన్న ట్యాంకు కడగడానికి దొరకదు. అందువల్ల నిర్వహణ ఖర్చును పురపాలక బడ్జెట్‌లో వేరే పద్దు కింద చూపించి, మధ్యలో ఇంకో పనికి మళ్లించకూడదని కౌన్సిల్ తీర్మానించాలి.

ఫుట్‌పాత్‌లు, పార్కులు, మార్కెట్ ముఖద్వారాలు, వీధి దీపాలు వీటన్నిటి తర్వాత. వాటికి మేం వ్యతిరేకం కాదు. నీడ, నడక దారి, ఆటస్థలం కూడా ఆరోగ్యమే. కాకపోతే పైపులు, మురుగు లైన్లు, కేబుళ్లు వేసి, ఒక వానాకాలం గడిచి, గాడులు కుంగవని తేలాకే పైన రాళ్లు పరచాలి. వీధి బాగుపడగానే అద్దెలు పెరుగుతాయన్నదీ మరవకూడదు. బండి వ్యాపారులకు జాగా గుర్తించకుండా ఫుట్‌పాత్ వేస్తే వాళ్లు మళ్లీ రోడ్డెక్కుతారు.

ఇదంతా చేయగలిగేలా నాయకత్వం ఎలా ఉండాలి? సూరత్‌లో 1994లో ప్లేగు భయంతో జనం ఊరొదిలి పారిపోయారు. మరుసటి ఏడాది కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు నగరాన్ని ఆరు జోన్లుగా విడదీసి, ప్రతి జోన్ అధికారికీ నిర్ణయాధికారం, ఖర్చు పెట్టే అధికారం ఇచ్చారు. అధికారులు రోజూ వీధుల్లో తిరిగి చూశారు, ఆ రోజు చూసినదాని మీద ఆ రోజే సమీక్ష జరిగింది. నిధుల కంటే ముందు ఆయన మార్చింది ఎవరు ఎక్కడ నిలబడి పనిచేయాలన్నదాన్ని. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు బాధ్యత పదిమందికి పంచితే చివరికి ఎవరికీ ఉండదు. వార్డుకొక పేరుండాలి. ఆ వార్డులో క్లోరిన్ రాకపోతే, మ్యాన్‌హోల్ పొంగితే, ఇల్లు నానితే జవాబు చెప్పేది ఆ ఒక్కరే కావాలి.

ఏ వార్డుతో మొదలుపెట్టాలన్నది మ్యాపు చెబుతుంది. ఒకే కాగితం మీద మూడు గుర్తులు పెట్టండి. గత రెండేళ్లలో విరేచనాలు, కామెర్లు, డెంగీ, క్షయ వచ్చిన ఇళ్లకు ఒక రంగు. క్లోరిన్ అందని కుళాయిలకు, పొంగే మ్యాన్‌హోళ్లకు ఒక రంగు. చెమ్మ పట్టిన, ఇరుకైన ఇళ్లకు ఇంకో రంగు. మూడూ ఒకదాని మీద ఒకటి పడిన సందులే మొదటి పని. ఆ సందు ఏ కౌన్సిలర్‌ది, ఏ పార్టీది అన్నది వరసను మార్చకూడదు.

ఆ మ్యాపు వేసేటప్పుడు పాత ఫిట్టర్‌నూ, పంప్ ఆపరేటర్‌నూ పక్కన కూర్చోబెట్టుకోండి. వాల్వులెక్కడున్నాయో చాలా ఊళ్లలో కాగితం మీద ఉండదు, వాళ్ల బుర్రలోనే ఉంటుంది. కొన్ని వాల్వులు రోడ్డు పొరల కింద పూడిపోయి ఉంటాయి. ఏ గోడ నుంచి ఎన్ని అడుగుల్లో తవ్వాలో వాళ్లకే తెలుసు. వాళ్లు పదవీ విరమణ చేసేలోపే, వచ్చే కౌన్సిల్ సమావేశంలో మొదటి అంశంగా దీన్ని పెట్టించాలని పాలకవర్గాలను కోరుతున్నాం.

ఇట్లు,
నీటి సరఫరా, పారిశుధ్యం, గృహనిర్మాణం, పట్టణ ప్రణాళిక విభాగాల్లో పనిచేసిన కొందరు